ఇరవయ్యో కారణం

మా వార్డులో ఇరవై నాలుగు మంచాలున్నాయి. తలుపు పక్కన నర్సుల టేబుల్, ఆ టేబుల్ దగ్గర కూర్చుని చెయ్యి చాపితే తగిలేటంత దగ్గరలో మూడో నంబరు మంచం. మిగతా మంచాల మీద మనుషులు ఆపరేషన్ అయి, కుట్లు విప్పించుకుని, సంచీ సర్దుకుని వెళ్ళేదాకా ఒకచోటే ఉంటారు. మూడో నంబరు మీద మాత్రం వారంలో ఎంతమంది మారతారో చెప్పలేం. అలా మార్చేది మా హెడ్ నర్సు. మేమంతా పెద్దక్క అంటాం. రోగులు మాత్రం ఆవిడకి "ఊరికే సిస్టర్" అని పేరు పెట్టారు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే ఆవిడ సగం అర్థమవుతుంది. మిగతా సగం నాకూ అర్థం కాలేదు. పన్నెండేళ్ళు ఆవిడ కింద పనిచేసినదాన్ని కాబట్టి ఈ మాట సిగ్గుపడకుండా చెబుతున్నాను. పొద్దున్నే వార్డు చుట్టి వస్తూ వస్తూ ఏ పదిహేడో నంబరు దగ్గరో ఆగిపోతుంది. దుప్పటి సర్దుతుంది. రోగిని రెండు మాటలు అడుగుతుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఈయన్ని మూడుకి మార్చు" అంటుంది. జ్వరం ఉండదు, బీపీ బాగుంటుంది, కుట్లు పొడిగా ఉంటాయి. "ఎందుకక్కా?" అంటే "ఊరికే" అంటుంది. రోగి అడిగినా అదే, రోగి పెళ్ళాం అడిగినా అదే, డాక్టరు అడిగినా అదే. మూడో నంబరులో ఉన్నాయన్ని లేపి పదిహేడుకి పంపడం, ఇద్దరి ఫ్లాస్కులు, చెప్పులు, మందుల కవర్లు మోయడం నా పని. నాకు అసలే ముక్కు మీద కోపం. మొదటి ఏడాదంతా ఆవిడ వెనకాల మనుషుల్ని మారుస్తూ లోపల్లోపల తిట్టుకున్నాను.

అలా మార్చినవాళ్ళలో మూడోవంతు మంది రెండు రోజులు తిరక్కుండా నిజంగానే విషమించడం చూశాక తిట్టుకోవడం మానేశాను. ఒకాయనకి కడుపులో రక్తం కారడం మొదలైంది. ఇంకొకాయనకి ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. టేబుల్ పక్కనే ఉన్నారు కాబట్టి వెంటనే చూశాం, బతికించుకున్నాం. అందర్నీ కాదు, చాలామందిని.

ఆవిడ తండ్రి ధాన్యం బజారులో కాటా దగ్గర పనిచేసేవాడు. కుట్టుపని టీచరు కావాలని ఆవిడ కోరిక. రెండు చోట్ల దరఖాస్తు పెడితే నర్సింగు బడి ముందు పిలిచింది, సరేనని వెళ్ళిపోయింది. శిక్షణలో ఉన్న రెండో ఏడు ఒక బాలింత మంచం దగ్గర ఆగి, డాక్టరుతో "ఈవిడ బాగాలేదు సార్" అందట. ఏం బాగాలేదని ఆయన అడిగాడు. చెప్పలేకపోయింది. "చెప్పడానికి ఏమీ లేనప్పుడు నోరు మూసుకోవడం నేర్చుకో" అన్నాడట అందరి ముందూ. మర్నాడు మధ్యాహ్నానికి ఆ బాలింత లేదు.

"నేనన్న మాట నిజమైందని ఎవరికీ గుర్తు కూడా లేదే. నేనెందుకు చెప్పలేకపోయానా అన్న బాధ మాత్రం నాకు ఉండిపోయింది," అంది ఒకసారి నాతో టీ తాగుతూ.

అప్పట్నుంచి చెప్పడం మానేసి చెయ్యడం మొదలుపెట్టింది. హెడ్ నర్సు అయ్యాక ఇంకా సులువైంది. వార్డులో ఎవరు ఏ మంచం మీద పడుకోవాలో హెడ్ నర్సు ఇష్టం, దానికి సంజాయిషీ ఎవరూ అడగరు. అడగరని మేం అనుకున్నాం.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు ఒకమ్మాయి వచ్చింది. ఆ పిల్ల నాలుగేళ్ళు నర్సుగా చేసి, ఆ తర్వాత ఆసుపత్రి లెక్కల చదువేదో చదివింది. మేం రాసే ప్రతి మాటకీ ఒక నంబరు ఇవ్వడం తన ఉద్యోగం. ఊరికే సిస్టర్‌కి జోడీగా మేం నంబర్ల సిస్టర్ అని పేరు పెట్టాం. మొదట్లో నాకు ఆ పిల్లని చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. "రోగి బాగున్నాడు" అని ఇన్నేళ్ళూ హాయిగా రాసుకున్నదాన్ని, ఇప్పుడు బాగుండడంలో పదకొండు రకాలున్నాయి, ఒకటి ఎంచుకోండి అంటే కోపం రాదా?

కానీ న్యాయం చెప్పుకోవాలి. మా రాతలు దారుణంగా ఉండేవి. ఒకే వీపు పుండుని నేను "ఎర్రబడింది" అని రాస్తే, సాయంత్రం డ్యూటీ ఆవిడ "ఒరుసుకుంది" అనేది, పక్క వార్డులో "తోలు లేచింది" అనేవాళ్ళు. ఏడాదిలో ఎంతమందికి పుళ్ళు పడ్డాయో ఆసుపత్రిలో ఒక్కరికీ తెలియదు. నంబర్ల సిస్టర్ వచ్చిన మూడు నెలలకి తెలిసింది. తెలిశాక మంచి పరుపులు కొన్నారు. ఆ రోజు నా కోపం సగం దిగింది.

మంచం మార్చడానికి కూడా కంప్యూటర్‌లో ఒక గడి ఉంది. అందులో కారణం చెప్పకపోతే ముందుకు కదలదు. కారణాలు పంతొమ్మిది. రోగి కోరిక, ఫ్యాను పాడవడం, అంటురోగం, పక్క రోగితో గొడవ, కిటికీ ఎండ, ఇలా ఉంటాయి. "పరిస్థితి విషమించడం" అన్నది కూడా ఉంది గానీ, అది నొక్కితే బీపీ ఎంత, ఊపిరి ఎంత అని అంకెలు అడుగుతుంది. అంకెలు బాగుంటే ఎర్ర అక్షరాల్లో తిట్టి వెనక్కి పంపుతుంది. పెద్దక్క మార్చేవాళ్ళ అంకెలు ఎప్పుడూ బాగానే ఉంటాయి, అదే కదా తంటా. పంతొమ్మిదింటిలో మళ్ళీ ప్రశ్న వెయ్యకుండా ఒప్పుకునేది ఒక్కటే, మొదటిది. అందుకని మేమంతా "రోగి కోరిక" అని నొక్కేసి పని కానిచ్చాం. అందులో తప్పేమీ కనబడలేదు. కంప్యూటర్ నోరు మూయించడం మాత్రమే మా ఉద్దేశం.

ఆరు నెలలు అలా గడిచాయి. ఒకరోజు సూపరింటెండెంట్ గారు పెద్దక్కనీ నన్నూ పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. కాగితం మీద లేనిది ఈ లోకంలో లేదని గట్టిగా నమ్మే మనిషి, అంతే. టేబుల్ మీద ఒక పట్టిక పెట్టుకుని తల పట్టుకుని కూర్చున్నారు.

"మీ వార్డులో మూడో నంబరు మంచం కావాలని కోరుకున్న రోగుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు రెండు రోజుల్లో విషమిస్తున్నారు. మిగతా మంచాల్లో ముప్పైమందిలో ఒకరు. ఏముందమ్మా ఆ మంచంలో?" అన్నారు.

మేం నోరు తెరిచేలోపే ఏర్పాట్లు అయిపోయాయి. ల్యాబ్ వాళ్ళు వచ్చి పరుపు మీద దూది రాసి తీసుకెళ్ళారు. కరెంటు మనిషి వచ్చి మంచం కాళ్ళకి తీగలు తగిలించి చూశాడు. ఏమీ తేలలేదు. వార్డులో వార్త పాకింది. తేలకపోయేసరికి దానికి చిలవలు పలవలు పుట్టాయి. మూడో నంబరు మీద ఉన్న పెద్దాయన తన దిండు తనే చంకన పెట్టుకుని లేచి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. చివరికి సూపరింటెండెంట్ గారు వేసిన కమిటీ తేల్చింది ఏమిటంటే, ఆ మంచం తీసేసి ఆ చోట మందుల బీరువా పెట్టాలి.

అప్పుడు పెద్దక్క మళ్ళీ సూపరింటెండెంట్ గదికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఆ మంచం ఎవరూ కోరుకోలేదు సార్. నేనే మార్చాను," అంది.

"అందర్నీ మీరే మార్చారా? మరి రోగి కోరిక అని ఎందుకు రాశారు?"

"రాయడానికి ఇంకేమీ లేదు సార్."

"అసలు కారణం ఏమిటి?"

పెద్దక్క చీర అంచు సర్దుకుంది. గోడ వంక చూసింది. ఆ ఒక్క మాట తప్ప ఆవిడ దగ్గర ఇంకేమీ లేదని నాకు తెలుసు. ఆ మాటా అననే అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కోప్పడాలో నవ్వాలో ఆయనకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

నంబర్ల సిస్టర్ ఆ గదిలోనే ఉంది. తనకి మాత్రం కళ్ళు మెరిశాయి. "సార్, ఈవిడ ఏదో చూస్తున్నారు. చూస్తున్నదేమిటో మనం రాసుకోవాలి. రెండు వారాలు టైమివ్వండి," అంది.

ఆ రెండు వారాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బుర్ర తిరుగుతుంది. పెద్దక్క ముందు, పలక లాంటి కంప్యూటర్ పట్టుకుని ఆ పిల్ల వెనక, ఇద్దరి పనీ మీద పడి నేను ఇంకా వెనక. పెద్దక్క పదకొండో నంబరు ముసలాయన దగ్గర ఆగింది.

"ఏం చూశారు మేడమ్?"

"ఏమో."

"మొహం పాలిపోయిందా?"

"లేదు, బాగానే ఉంది."

"మరి?"

పెద్దక్క ఆయన దిండు సరిచేసింది. "నిన్నటిదాకా నన్ను చూస్తే చాలు, ఇంటికెప్పుడు పంపుతారని పోట్లాడేవాడు. ఇవాళ అడగలేదు," అంది.

ఆ పిల్ల వెతికింది. దానికీ ఒక నంబరు ఉంది, "సంభాషణ తగ్గుట" అని. సంతోషంగా రాసుకుంది. తర్వాత లెక్క చూస్తే ఆ పొద్దున ఇంటికెప్పుడని అడగనివాళ్ళు ఇంకా తొమ్మిదిమంది తేలారు. వాళ్ళలో ఒకడు నిద్రపోతున్నాడు, ఇంకొకడికి ఇల్లంటేనే ఇష్టం లేదు. అలాగే గ్లాసులో నీళ్ళు తాగకపోవడం, దుప్పటి మెడదాకా లాక్కోవడం, ఫ్యాను వంక చూడడం, పలకరిస్తే మరీ మర్యాదగా జవాబు చెప్పడం, అన్నీ రాసింది. అన్నిటికీ నంబర్లు దొరికాయి. నలభై ఆరు అయ్యాయి. ఆ నలభై ఆరింటినీ కంప్యూటర్‌కి ఇచ్చి వార్డులో ఎవరిని మార్చాలో చెప్పమంటే, పదిహేడుమంది పేర్లు చెప్పింది.

"పదిహేడుమందినీ ఒకే మంచం మీద ఒకరిమీద ఒకర్ని పేరుద్దామా?" అన్నాను నేను. ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

విచిత్రమేమిటంటే, పెద్దక్కకి అంతకంటే ఎక్కువ గందరగోళమైంది. అంతకుముందు అడుగులు తడబడకుండా వార్డు చుట్టి వచ్చేది. ఇప్పుడు ప్రతి మంచం దగ్గరా ఆగి తనని తనే అడుగుతోంది. "నేను నీళ్ళ గ్లాసు చూశానా, మొహం చూశానా? చూశాక అనిపించిందా, అనిపించాక చూశానా? నాకేమీ తెలియదేమోనే. ఇన్నేళ్ళూ కాకతాళీయంగా కుదిరిందేమో," అంది ఒకరోజు చేతులు కడుక్కుంటూ. అంత పెద్దావిడ మొహంలో ఆ బెదురు చూసి నేనే కొళాయి కట్టేసి తువ్వాలు అందించాను.

చివరికి నంబర్ల సిస్టరే దారి చూపించింది. ముక్కలు చెయ్యడం మానేసి, మొత్తాన్ని ఒకే కారణంగా పెడదామంది. అలా ఇరవయ్యోది పుట్టింది. దాని మాటల కోసం కమిటీ మూడు గంటలు కొట్టుకుంది. "నర్సుకు కలిగిన ఆందోళన, కారణం చెప్పలేనిది" అని తేల్చి, ఆరు అంకెల నంబరు ఇచ్చారు. ఆవిడ జీవితమంతా ఆ ఆరు అంకెల్లో పట్టింది. సూపరింటెండెంట్ గారు ఒక షరతు పెట్టారు. మూడు నెలలు చూస్తాం. ఇరవయ్యో కారణం మీద మార్చిన రోగి రెండు రోజుల్లో విషమిస్తే రైటు, లేకపోతే తప్పు. మొదటి నెల నేర్చుకోవడానికి వదిలేస్తాం. రెండో నెలా, మూడో నెలా సగానికి తగ్గకుండా రైటు రావాలి. తగ్గితే ఆ కారణమూ పోతుంది, ఆ మంచమూ పోతుంది, బీరువా వస్తుంది.

మొదటి నెల ముప్పై ఒక్కమందిని మార్చింది. తొమ్మిదిమంది విషమించారు.

"ఇరవై రెండు తప్పులమ్మా," అన్నారు సూపరింటెండెంట్ గారు, నొప్పించకుండా.

"ఆ ఇరవై రెండుమందీ నడుచుకుంటూ ఇంటికెళ్ళారు సార్," అంది పెద్దక్క.

"వాళ్ళ మంచాల మీదే ఉంచినా నడుచుకుంటూనే వెళ్ళేవాళ్ళేమో."

"వెళ్ళేవాళ్ళేమో. మూడులో ఉన్నారు కాబట్టి గంటగంటకీ నీళ్ళు పట్టించాం, పక్కకి తిప్పి పడుకోబెట్టాం, లేపి నడిపించాం. అందుకని వెళ్ళారేమో కూడా."

"ఏది నిజం?"

"నాకు తెలీదు సార్."

ఆయన నా వైపు చూశారు. నేను నంబర్ల సిస్టర్ వైపు చూశాను. ఆ పిల్ల నేల వైపు చూసింది. ఆ గదిలో నలుగురం ఉన్నాం, నలుగురికీ తెలియదు. అయినా పట్టికలో మాత్రం ఇరవై రెండు తప్పులు అలాగే ఉండిపోయాయి.

పెద్దక్క భర్త తాళాలు బాగుచేస్తాడు. మార్కెట్ వీధిలో చిన్న కొట్టు. ఆ సాయంత్రం ఈ గొడవంతా ఆయనకి చెప్పిందట. ఆయన నోట్లో స్క్రూ పెట్టుకుని విని, తీశాక అన్నాడట: "నేను వేసిన తాళం చూసి దొంగ తిరిగిపోయాడో, ఆ వీధికి అసలు దొంగే రాలేదో నాకెలా తెలుస్తుంది? ఎవరూ వచ్చి అడగరు కాబట్టి సరిపోయింది. అడిగితే నా కొట్టూ మూసుకోవాల్సిందే." పెద్దక్క ఈ మాట నాకు చెప్పి నవ్వింది. నవ్వు ఆగాక, "నన్ను అడుగుతున్నారు కదే," అంది.

రెండో నెల నుంచి ఆవిడ మారింది. ఆ మార్పుకి నేనూ సాయం పట్టాను, దాచను. మంచం పోకూడదన్న పట్టుదలతో మా టేబుల్ వెనకున్న పాత బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి, రైటుకో గీత, తప్పుకో గీత పెన్సిలుతో గీసేదాన్ని. పెద్దక్క ఎవరి దగ్గరైనా ఆగితే, మూడుకి మార్చమనే ముందు ఆ బీరువా దాకా వచ్చి చూసుకుని వెళ్ళేది. కొంచెం దిగులేస్తే ఊరుకోవడం, బాగా దిగులేస్తేనే మార్చడం అలవాటు చేసుకుంది. ఆ నెల పన్నెండుమందినే మార్చింది, ఏడుగురు రైటు. సూపరింటెండెంట్ గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. నేను వార్డులో అందరికీ టీ తెప్పించాను. మార్చకుండా ఊరుకున్న వాళ్ళంతా ఏమయ్యారంటే, ఎవరికీ ఏమీ కాలేదు. దాంతో మాకు ధైర్యం వచ్చింది. ఆవిడకి మాత్రం వచ్చినట్టు లేదు. మనుషుల్ని చూడడానికి వెళ్ళి లెక్క చూసుకుని వస్తున్నానే అని ఒకసారి విసుక్కుంది. "ఈ ఒక్క నెలా ఓపిక పట్టక్కా, మంచం మనదైపోతుంది," అన్నాను.

మూడో నెల ఆఖరి రోజు వచ్చింది. బీరువా తలుపు మీద ఆ నెల గీతలు పద్నాలుగు, అందులో ఏడు రైటు. సరిగ్గా సగం. ఇంకొకర్ని మార్చి, అది తప్పయితే సగం కంటే తగ్గిపోతుంది.

ఇరవై ఒకటో నంబరులో ఒక వడ్రంగి ఉన్నాడు. నలభై నాలుగేళ్ళవాడు. హెర్నియా ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది. ఆ మంచం బాత్‌రూమ్ పక్కన, మా టేబుల్ నుంచి చూస్తే స్తంభం చాటున ఉంటుంది. మంచం పక్క ఉండే చిన్న చెక్క అల్మరా తలుపు మూసినా మళ్ళీ తెరుచుకునేది. వచ్చిన రోజునుంచీ అతను దాన్ని తిట్టని పూట లేదు. ఏ బుద్ధిలేనివాడు బిగించాడండీ ఇది, నాకో ఉలి ఇప్పించండి, కుట్లు ఊడినా సరే సరిచేసి పోతాను అనేవాడు. భార్య సిగ్గుపడి నోరు మూసుకోమనేది. అందరం నవ్వేవాళ్ళం.

ఆ పొద్దున పెద్దక్క అతని దగ్గర ఆగింది.

"ఏమయ్యా, ఇవాళ తలుపు సంగతి ఎత్తలేదే?"

"అలవాటైపోయింది లెండి సిస్టరమ్మా," అని నవ్వాడు.

జ్వరం లేదు. బీపీ బాగుంది. కాలు నొప్పి ఉందా అంటే లేదన్నాడు. పెద్దక్క కదల్లేదు. దుప్పటి సర్దింది. సర్దినదాన్నే మళ్ళీ సర్దింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు బాగా తెలుసు, పన్నెండేళ్ళు చూశాను. నేను నెమ్మదిగా అన్నాను: "అక్కా, ఇవాళ ఒక్కరోజే కదా. రేపు పొద్దున్నే మారుద్దాం."

"అంతేనంటావా?"

"అంకెలన్నీ బాగున్నాయి కదక్కా."

ఆవిడ ఇంకొంచెంసేపు నిలబడింది. "సరే, రేపు చూద్దాం," అని ఇరవై రెండో నంబరుకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి అతని భార్య కింద మందులు తేవడానికి వెళ్ళింది. పక్క మంచం ఆయన నిద్రలో ఉన్నాడు. నేల తుడవడానికి వచ్చిన ఆయా పిలిస్తే పరిగెత్తాం. వడ్రంగి మంచానికి అడ్డంగా పడి ఉన్నాడు, చెయ్యి అల్మరా మీద ఉంది. ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. నలభై నిమిషాలు ప్రయత్నించాం. పెద్దక్క చేతులు పట్టు తప్పుతున్నా ఛాతీ నొక్కడం ఇంకొకరికి ఇవ్వలేదు. డాక్టరు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళుంటుందన్నాడు. టేబుల్ పక్కన ఉండుంటే బతికేవాడా అని నేను అడిగాను. "చెప్పలేం. కొంతమంది బతుకుతారు," అన్నాడు.

శవాన్ని అప్పగించాలంటే ఫైలు మూయాలి. ఫైలు మూయాలంటే కంప్యూటర్‌లో ఒక గడి నింపాలి. "చనిపోకముందు నర్సుకు ఆందోళన కలిగిందా?" అన్న ప్రశ్న, కింద "అవును", "లేదు". నంబర్ల సిస్టర్ పక్కన నిలబడింది. పెద్దక్క కుర్చీలో కూర్చుని ఆ రెండు మాటల వంకే చూస్తోంది.

"లేదు అన్నా ఎవరూ అడగరు మేడమ్. అంకెలన్నీ బాగున్నాయి," అంది ఆ పిల్ల.

"కలిగింది."

"అయితే అవును అని నొక్కండి." ఆ పిల్ల తెర మీద వేలు పెట్టి చూపించింది. "నొక్కితే ఇది కూడా ఇరవయ్యో కారణం కిందకే వస్తుంది. రోగి విషమించాడు కాబట్టి రైటు కింద పడుతుంది. పదిహేనులో ఎనిమిది. శాతం పెరుగుతుంది."

పెద్దక్కకి అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు.

"నేను మార్చలేదమ్మా. దిగులేసింది, అయినా మార్చలేదు. తప్పు చేశాను. అది రాస్తే మార్కు పెరగడమేమిటి?"

"సార్ మార్చినవాళ్ళనే అన్నారు గానీ, మార్చారా లేదా అన్నది కంప్యూటర్ లెక్కలో లేదు మేడమ్. అనిపించిందా లేదా, నిజమైందా లేదా, ఆ రెండే ఉన్నాయి."

"మరి నా తప్పు ఎక్కడ రాయాలి?"

ఆ పిల్ల నిజంగానే వెతికింది. ఒక పేజీ తెరిచి, ఇంకొకటి తెరిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ తెరిచింది. "దానికి గడి లేదు మేడమ్," అంది చివరికి. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ పొద్దున "రేపు మారుద్దాం" అన్న నా నోటి మీద వచ్చింది.

పెద్దక్క అవును అని నొక్కింది. తెర మీద యాభై ఉన్నచోట యాభై మూడు పడింది. మంచం నిలిచింది. ఆవిడ లేచి వరండాలోకి నడిచింది.

వడ్రంగి భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. తెచ్చిన మందుల కవరు ఇంకా చేతిలోనే ఉంది. పెద్దక్క పక్కన కూర్చుంది. నేను తలుపు దగ్గర ఆగిపోయాను, ముందుకు వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

"పొద్దున నీ భర్తని చూస్తే నాకు దిగులేసిందమ్మా. మా టేబుల్ పక్కకి మార్చాల్సింది. మార్చలేదు," అంది పెద్దక్క.

"ఎందుకు మార్చలేదు సిస్టరమ్మా?" అంది ఆమె. కోపంగా అడగలేదు. తెలియక అడిగింది.

"లెక్క తప్పుతుందని."

"ఏం లెక్క?"

పెద్దక్క మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. పంతొమ్మిది కారణాలూ, ఇరవయ్యోదీ, మూడు నెలల గడువూ, సగం షరతూ, బీరువా తలుపు మీద గీతలూ, ఏదీ వదల్లేదు, ఏదీ మెత్తబరచలేదు. నా పేరు మాత్రం చెప్పలేదు. అది నాకు దెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఆమె మధ్యమధ్య తల ఊపుతూ వింది. ఎంత అర్థమైందో నాకు తెలియదు.

అంతా విన్నాక, "మా ఆయన్ని కూడా అందులో కలిపారా?" అని అడిగింది.

"కలిపాం."

"రైటు కిందా, తప్పు కిందా?"

పెద్దక్క ఆమె చేతిలోని కవరు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"రైటు కిందమ్మా," అంది.